నలభై రెండు ఆకళ్ళు

ఆసుపత్రి వంటశాలలో ఆవిడ పేరు గరిటె. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరుపట్టీలో ఉంది గానీ, నెలకొకసారి జీతాల గుమాస్తాకు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు.

పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ చేస్తున్న ఉద్యోగం ఒకటే. చక్రాల బండి మీద మూడు పెద్ద గిన్నెలు పెట్టుకుని ఒకటో నంబరు మంచం దగ్గర మొదలుపెట్టి, ఎనభై నాలుగో నంబరు మంచం దగ్గర ముగించాలి. మనిషికి రెండు గరిటెల అన్నం, ఒక గరిటె పప్పు, అర గరిటె కూర. ఎనభై నాలుగో మంచానికి వడ్డించాక గిన్నెలో గరిటె పెట్టి గీకితే చప్పుడు రావాలే తప్ప మెతుకు రాకూడదు. వచ్చేది కాదు. ఇన్నేళ్ళలో చివరి మంచానికి తక్కువైందని గానీ, గిన్నెలో అన్నం మిగిలి వంటశాలకు తిరిగి వచ్చిందని గానీ ఫిర్యాదు లేదు. కొత్తగా చేరిన డాక్టర్లు ఈ విద్య చూసి ముక్కున వేలేసుకునేవారు. పాత డాక్టర్లు ఆవిడ బండి వస్తుంటే వరండాలో అవతలి వైపుకి జరిగేవారు. ఫలానా రోగికి ఇంకో అర గరిటె వెయ్యమని ఆవిడతో చెప్పేందుకు కావలసిన ధైర్యం వైద్య కళాశాలల్లో నేర్పరు.

ఆవిడ భర్త నీటి సరఫరా కార్యాలయంలో వాల్వులు తిప్పేవాడు. పొద్దున నాలుగు వీధులకు నీళ్ళు వదిలి, సాయంత్రం ఆ నాలుగు వీధులకే కట్టేసి ఇంటికి వచ్చేవాడు. నెమ్మదస్తుడు. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఆయన గొంతు పెంచి మాట్లాడింది తుప్పు పట్టిన వాల్వులతో మాత్రమే. ఆ నెలాఖరుకి ఆయనకు పదవీ విరమణ.

ఆ కార్యాలయంలో పైపుల విభాగానికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసిలేదు కాబట్టి ఎవరూ దాన్ని మీరే సాహసం చెయ్యలేదు. విరమణ చేసే మనిషి విభాగం మొత్తాన్నీ ఇంటికి పిలిచి, సొంత పొయ్యి మీద వండించి భోజనం పెట్టాలి. పెట్టలేని వాడికి విభాగమే చందా వేసి, పైపులు దాచే షెడ్డులో విందు జరిపిస్తుంది. చందా ఇచ్చినవాళ్ళు ఒక్క మాట అనరు. అనాల్సిన అవసరమూ ఉండదు. పన్నెండేళ్ళ కిందట అలా షెడ్డులో విందు జరిపించుకున్న కాపలాదారును ఇప్పటికీ అందరూ చందా తాత అనే పిలుస్తారు. ప్రేమగానే పిలుస్తారు. ఈమధ్య ఆయన కోడలు కూరగాయల కొట్టుకి వెళితే కొట్టువాడు, "చందా తాత గారి కోడలికి తూచి పంపించరా" అన్నాడట, అదీ మర్యాదగానే.

మన వాల్వు గారి వంతు వచ్చేసరికి ఇంటి ఆర్థిక స్థితి ఇలా ఉంది. విరమణ సొమ్ము కాగితాల మీద ఉంది, కాగితాలు ఒక బల్ల మీద ఉన్నాయి, ఆ బల్ల వెనక కూర్చోవలసిన గుమాస్తా దీర్ఘకాలిక సెలవు మీద ఉన్నాడు. ఇంటి కప్పుకి వేయించిన కొత్త రేకుల వాయిదాలు మాత్రం ఏ సెలవూ పెట్టకుండా ఠంచనుగా వస్తున్నాయి.

ఈ సంగతి తెలిసి విభాగం మేస్త్రి స్వయంగా ఇంటికి వచ్చాడు. ఆయన మంచివాడు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే గుమ్మంలోంచే పంపేయొచ్చు, మంచివాడికి కుర్చీ వెయ్యాలి, టీ ఇవ్వాలి, ఆ తర్వాత ఆయన జాలిని భరించాలి.

"చూడు చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి టీ ఊదుకుంటూ, "నలభై రెండు మంది అంటే మాటలు కాదు. మీ పరిస్థితి మాకు తెలియనిదా. షెడ్డులో కానిచ్చేద్దాం. తలా కాస్త వేసుకుంటే ఎవరికీ బరువుండదు."

"మా పరిస్థితి మీకెవరు చెప్పారు అన్నయ్యా?"

మేస్త్రి వాల్వు గారి వైపు చూశాడు. వాల్వు గారు కప్పు వైపు చూశాడు. అక్కడ రేకులు కొత్తగా మెరుస్తున్నాయి.

"ఎవరో చెప్పాలా అమ్మా, నేనూ జీతగాడినేగా."

"ఈయన ఇప్పటిదాకా ఎన్ని ఇళ్ళలో తిన్నారు?"

"ఓ అరవై ఉంటాయేమో."

"అరవై ఒకటి. ఏ ఇంట్లోనూ తిన్నదానికి చిల్లర ఇచ్చి రాలేదు కదా. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. నలభై రెండు మందీ రావాలి. ఎవరూ చేతిలో ఏమీ పట్టుకు రాకూడదు. పండు కూడా."

"పండుకేమైందమ్మా?"

"పండుతోనే మొదలవుతుంది. తర్వాత బియ్యం తెస్తారు, ఆ తర్వాత షెడ్డు తెస్తారు."

మేస్త్రి వెళ్ళాక వాల్వు గారు, "ఏమే, పోనీ షెడ్డులోనే..." అన్నాడు.

"మీకు చందా తాత కావాలని ఉంటే అవ్వండి. నేను చందా బామ్మని మాత్రం కాను."

దాంతో విషయం తేలిపోయింది. మిగిలింది లెక్క. ఆ లెక్క ఆవిడకు చిటికెలో పని. నలభై రెండు అంటే ఎనభై నాలుగులో సరిగ్గా సగం, అంటే సగం వార్డు. భగవంతుడే కూర్చుని భాగించి పంపినట్టుంది. సగం వార్డుకి ఎంత బియ్యం పడుతుందో, ఎంత పప్పు పడుతుందో ఆవిడకు నిద్రలో అడిగినా తెలుసు. అయినా విందు కాబట్టి, పెద్దమనసు చేసుకుని మరో పది మంచాలకు సరిపడా కలిపింది. అన్నం, పప్పు, బంగాళాదుంపల కూర, మనిషికో ఉడికించిన గుడ్డు, చివర అరటిపండు. అదనపు డ్యూటీలు చేసి దాచిన డబ్బు దీనికి సరిపోయింది. ఏమీ మిగల్లేదు, అప్పూ కాలేదు. ఇంత ఒద్దికైన లెక్క ప్రభుత్వాలకు కూడా కుదరదు.

చేతికి అలవాటైన కొలత ఉంటే తప్ప ఆవిడకు తోచదు. అందుకని ఆసుపత్రి గరిటెను ఒక రోజుకి ఇప్పించమని దరఖాస్తు పెట్టింది. స్టోరు గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, "గరిటె ఒక్కటేనా? బియ్యం కూడా కావాలా?" అని కన్ను గీటాడు.

"ఆ మాట ఇంకోసారి అనండి. మీరన్నట్టే దరఖాస్తులో రాసి పెద్ద డాక్టరు గారికి ఇస్తాను."

గుమాస్తా ఇంకోసారి అనలేదు. దరఖాస్తు అడుగున, 'ఒక దినమునకు అనుమతించడమైనది. శుభ్రముగా కడిగి అప్పగించవలెను' అని రాసి, సంతకం చేసి, ముద్ర కూడా కొట్టాడు.

శనివారం ఆడపడుచు దిగింది. వాల్వు గారికి అక్క. ఆరుగురు పిల్లల్ని ఒక్క జీతం మీద పెంచిన మనిషి కావడం వల్ల పొదుపులో ఆవిడ మాటకు తిరుగులేదు. వచ్చీ రాగానే చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి తొంగి చూసి, సరంజామా అంతా కంటితో తూచింది.

"ఇదిగో అమ్మాయ్, నా మాట విను. రాగానే తలా రెండు గ్లాసుల నీళ్ళు తాగించు. ఎండన పడి వస్తారు, కాదనరు. తర్వాత అరటిపండు ముందే పెట్టెయ్. తీపి తగిలితే ఆకలి సగం చస్తుంది. పప్పు పలచగా కాచు. కూరలో కారం బాగా దట్టించు."

"కారం ఎందుకు వదినా?"

"మంట పుడితే మళ్ళీ నీళ్ళు తాగుతారు."

"వాళ్ళు తినడానికి వస్తున్నారు వదినా, మునిగిపోవడానికి కాదు. పిలిచి మోసం చేసేటట్టయితే పిలవడం దేనికి? నా లెక్క నాకుంది."

"నీ లెక్క తప్పదమ్మా, నాకు తెలుసు," అంది ఆడపడుచు, తప్పితే చూసి వెళ్దామన్న గొంతుతో.

ఆదివారం మధ్యాహ్నానికి మంచాన్ని ఎత్తి గోడకు ఆనించారు, కుర్చీలు పక్కింటి వాళ్ళ వరండాలో పెట్టారు. రెండు గదుల్లో కలిపి పద్నాలుగు మందికి మించి కూర్చునే వీల్లేదు. అంటే మూడు విడతలు. నలభై రెండు మందీ వచ్చారు, ఒక్కరూ తగ్గలేదు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఆనవాయితీ తప్పి ఖాళీ చేతులతో రావడం వల్ల చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక కొందరు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. మొదటి పద్నాలుగు మంది లోపల కూర్చున్నారు. మిగతా ఇరవై ఎనిమిది మంది ఎదురుగా దర్జీ కొట్టు గోడ నీడన చేరారు.

ఆవిడ గరిటె పట్టుకుని బరిలోకి దిగింది. రెండు అన్నం, ఒకటి పప్పు, అర కూర, గుడ్డు. నడుం వంచడం, వెయ్యడం, అడుగు ముందుకు. పద్నాలుగు పళ్ళాలకీ వడ్డన ఒక్క మెతుకు అటూ ఇటూ కాకుండా నాలుగు నిమిషాల్లో పూర్తయింది.

నాలుగో పళ్ళెం ముందున్నవాడిని విభాగంలో గునపం అంటారు. రోడ్లు తవ్వడం అతని వృత్తి. బట్టల కొట్టులో గుడ్డ ముక్క నమూనా చూసినట్టు పళ్ళెంలోకి చూశాడు. మూడు ముద్దల్లో పళ్ళెం ఖాళీ చేశాడు. మూతి తుడుచుకుని ఎంతో గౌరవంగా అన్నాడు:

"రుచి బాగుంది అక్కా. ఇంక భోజనం పెట్టెయ్."

గదిలో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మిగతా పదమూడు మందీ అదే మాట అనబోతున్నారు.

ఆవిడ మళ్ళీ వేసింది. మళ్ళీ అడిగారు. మూడోసారీ వేసింది. పప్పు గిన్నె చుట్టూ తిరిగి వచ్చేలోపు అన్నం అయిపోతోంది, అన్నం తెచ్చేలోపు కూర అయిపోతోంది. మొదటి విడత చేతులు కడుక్కునేసరికి ఆవిడ గిన్నెలోకి తొంగి చూసింది. ఇతరులు గడియారం చూసి టైము చెప్పినట్టు, గిన్నె చూసి ఎన్నో మంచం దగ్గర ఉన్నామో చెప్పగలదు. ఆ చొప్పున ఇప్పుడు నలభై రెండో మంచం దాటింది. తిన్నది పద్నాలుగు మంది.

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ వడ్డించింది రోగులకు. జ్వరం వచ్చినవాళ్ళకి, కోత పడ్డవాళ్ళకి, వాసన చూస్తేనే మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళకి. వాళ్ళ పళ్ళాలు సగం నిండుగా తిరిగి వచ్చేవి. మనిషి ఆకలి అంటే రెండు గరిటెలు, అదీ బలవంతాన, అని ఆవిడ చేతికి స్థిరపడిపోయింది. పైపుల విభాగం నలభై రెండు మందిలో ఒక్కడికీ జ్వరం లేదు. కందకాలు తవ్వి, ఇనుప గొట్టాలు మోసే మనుషులు. ఆరోగ్యం అనేది ఒకటుంటుందన్న సంగతి లెక్కలోకి రాలేదు.

వంటింట్లో అత్యవసర సమావేశం జరిగింది.

"నీళ్ళు తాగించమన్నాను," అంది ఆడపడుచు.

"ఏవండీ, మీరు రోజూ నేను పెట్టిందే తింటారు కదా. ఇంట్లో కూడా రెండు గరిటెలే కదా. మీకు సరిపోతోంది కదా?"

వాల్వు గారు పప్పు గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"సరిపోయేదే. అంటే... వచ్చేటప్పుడు మూల మీది బడ్డీలో రెండు బన్నులు తినొచ్చేవాణ్ణి."

"ఎప్పుడు?"

"రోజూ."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచి."

ఆవిడ ఆయన వైపు చూసింది. పంతొమ్మిదేళ్ళు, రోజుకి రెండు బన్నులు. కావాలంటే ఆవిడ ఆ లెక్క కూడా కట్టగలదు. కట్టలేదు.

"నోరు లేదా మీకు?"

"నువ్వు వడ్డించే తీరు చూస్తే అడగబుద్ధి అయ్యేది కాదే. అంత చక్కగా సరిపెడతావు. పాడుచెయ్యడం ఎందుకని."

సరిగ్గా అప్పుడే మేస్త్రి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మొదటి విడతలో తిన్నాడు కాబట్టి పరిస్థితి ఆయనకు అర్థమైంది. చేతిలో ఫోను అప్పటికే ఉంది.

"చెల్లెమ్మా, ఏం కంగారు పడకు. మావాడి హోటల్ పక్క వీధిలోనే ఉంది. ఇరవై ఎనిమిది భోజనాలు, పావుగంటలో వచ్చేస్తాయి. డబ్బు సంగతి విభాగం చూసుకుంటుంది. బయటవాళ్ళకి ఏమీ తెలియదు."

"మీకు తెలుస్తుంది."

"నేనెవరికీ చెప్పను తల్లీ."

"మీరు చెప్పరు అన్నయ్యా. మీరు మంచివాళ్ళు. ఎప్పుడు నన్ను చూసినా చెప్పకుండా ఉంటారు, అది నేను చూస్తూ ఉండాలి. ఫోను జేబులో పెట్టుకోండి."

"మరి వాళ్ళకేం పెడతావు?"

"మా ఇంట్లో ఉన్నది."

ఆవిడ వంటింటి మూలనున్న బియ్యం డబ్బా లాగింది. నెలవారీ బియ్యం నిన్నగాక మొన్ననే వచ్చాయి. డబ్బాని అలాగే ఎత్తి పెద్ద గిన్నెలోకి వంచింది. ఆడపడుచు గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అవి నెల మొత్తానికి కదే. రేపట్నుంచి ఏం తింటారు?"

"రేపట్నుంచి సంగతి రేపట్నుంచి చూసుకుంటాం వదినా. ఇప్పుడు మధ్యాహ్నం. కందిపప్పు డబ్బా ఇలా అందుకో."

అలమరలో దుస్తుల కింద బస్సు పాసుకని పెట్టిన డబ్బుంది. అది తీసి భర్త చేతిలో పెట్టింది. "బంగాళాదుంపలు తీసుకురండి. దీనికెన్ని వస్తే అన్ని."

"మరి నీ పాసు?"

"ఆసుపత్రి ఎక్కడికీ పారిపోదు. నడిచి వెళ్తాను."

తర్వాత ఆవిడ చేసిన పని ఆ వీధి చరిత్రలో లేదు. చీర చెంగు బిగించి, గుమ్మంలోకి వచ్చి, దర్జీ కొట్టు గోడ నీడన నిలబడ్డ ఇరవై ఎనిమిది మందితో తనే నేరుగా మాట్లాడింది. మామూలుగా ఇలాంటప్పుడు ఇంటావిడ లోపలే ఉండిపోతుంది, ఇంటాయన బయటికి వచ్చి పొయ్యి గురించి ఏదో అబద్ధం చెబుతాడు.

"అన్నం అయిపోవచ్చింది. నేను రోగులకి కొలిచినట్టు కొలిచాను. మీరు రోగులు కాదు. తప్పు నాది. మళ్ళీ వండుతున్నాను, ముప్పావు గంట పడుతుంది. ఆకలికి ఆగలేనివాళ్ళు వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఉండేవాళ్ళు ఊరికే నిలబడొద్దు. బంగాళాదుంపలు వస్తున్నాయి, చెక్కు తియ్యాలి. చాకులు మూడే ఉన్నాయి. దర్జీ గారూ, మీ కత్తెరలు ఇస్తారా?"

"బట్ట కోసే కత్తెరలమ్మా," అన్నాడు దర్జీ బాధగా.

"సరే, మీరూ భోజనానికి రండి. కత్తెరలు వద్దు, చాకు తీసుకురండి."

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. షెడ్డులోనైతే ఈపాటికి తిని, పళ్ళు కుట్టుకుంటూ ఉండేవాళ్ళు. ఎవరో వెనకనుంచి, "భోజనానికి పిలిచి పని చెయ్యమంటోంది, ఇదెక్కడి విందు రా," అన్నారు. ఇంకెవరో, "షెడ్డులో అయితే నీ చేత చందా కక్కించేవాళ్ళు. ఇక్కడ తొక్కతో పోతోంది, కూర్చో," అన్నారు. నవ్వు మొదలైంది. ఆ నవ్వు ఎటు వెళ్తుందో కాసేపు తెలియలేదు. ఇరవై ఎనిమిది మందిలో ఒక్కడు వెళ్ళిపోయినా మిగతావాళ్ళు వెళ్ళిపోతారు. ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు.

వాల్వు గారు బస్తా మోసుకొచ్చి వీధి అరుగు మీద కుమ్మరించాడు. అప్పుడు గునపం లేచాడు. అతను తిని చేతులు కడుక్కున్నవాడు, వెళ్ళిపోవడానికి అందరికన్నా ఎక్కువ హక్కున్నవాడు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక దుంప తీసుకుని, రోడ్డు తవ్వినంత శ్రద్ధగా చెక్కు తీశాడు. తొక్కతో పాటు సగం దుంప పోయింది.

"పైపు కాదురా అది, పలచగా తియ్యి," అంటూ ఇద్దరు ముగ్గురు వచ్చి పక్కన కూర్చున్నారు. పదినిమిషాల్లో అరుగు నిండిపోయింది. నీటి లీకుల మీద ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళ వెంట ధారలు కార్చారు, ఏ వాల్వుతోనూ అవి ఆగలేదు. మేస్త్రి కాసేపు గుమ్మంలో నిలబడి, ఫోను జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు మడిచాడు. విభాగాధిపతి కాబట్టి ఆయనకు చాకు దొరికింది.

రెండోసారి వడ్డించేటప్పుడు ఆవిడ గరిటె పట్టుకోలేదు. అది మూతల పక్కన పడి ఉంది. చిన్న బేసిను నిండా అన్నం ముంచి, పళ్ళెంలోకి వంచి, ఎదుటివాడు చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆపలేదు. ఎదుటివాళ్ళు తొందరగా చెయ్యి అడ్డం పెట్టలేదు. దర్జీ కూడా పెట్టలేదు. గుడ్లు లెక్క ప్రకారమే ఉన్నాయి కాబట్టి దర్జీకి ఆడపడుచు తన వంతు గుడ్డు ఇచ్చేసింది, ఇస్తూ నాలుగుసార్లు దానివంక చూసుకుంది. మూడో విడతలో చివర గునపం మళ్ళీ కూర్చున్నాడు. ఇదేమిటని అడిగితే, తొక్క తీసిన కూలి అన్నాడు.

అందరూ తిన్నారు. వెళ్తూ వెళ్తూ వాల్వు గారి చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన ఒక్కొక్కరి చేతిలో ఒక అరటిపండు పెట్టాడు.

పళ్ళాలు ఎత్తుతుంటే అరుగు మీద మేస్త్రి దుంపలు చెక్కిన చోట, తొక్కల పళ్ళెం కింద, ఒక కవరు కనిపించింది. లావుగా ఉంది. ఆవిడ దాన్ని విప్పలేదు. అలాగే పట్టుకుని, ఎంగిలి చేతులతోనే వీధిలోకి వచ్చింది. విభాగం ఇంకా మలుపు తిరగలేదు.

"అన్నయ్యా, ఏదో మర్చిపోయారు."

మేస్త్రి ఆగాడు. విభాగం మొత్తం ఆగింది. ఆయన వెనక్కి నాలుగడుగులు వేసి, గొంతు తగ్గించి అన్నాడు: "ఇది చందా కాదమ్మా. రెండోసారి వండావు కదా, దానికి. మీ నెల బియ్యం పోయాయి, నా కళ్ళారా చూశాను."

ఆవిడ గొంతు తగ్గించలేదు. "దుంపలు చెక్కారు కదా, మరి మీ కూలి నేను ఇవ్వొద్దా? పెట్టింది నేను, తిన్నది మీరు. అక్కడితో చెల్లు."

"ఇంత మొండితనం పనికిరాదు చెల్లెమ్మా."

"పనికిరాకపోతే ఆకలితో వెళ్ళిపోవాల్సింది. మూడుసార్లు వేయించుకున్నారు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి కవరు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, వీధి మధ్యలో తనవైపే చూస్తున్న నలభై మంది వంకా చూశాడు. కవరు అందుకుని జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడు నా విరమణ," అన్నాడు.

"తెలుసు. ఇద్దరం వస్తాం," అంది ఆవిడ. "మీ ఇంట్లో వాళ్ళకి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఈయన ఆకలి ఎంతో నాకు ఈరోజే తెలిసింది."